జోనంగి గిన్నెలో ఏముంది?

కుక్కకి పచ్చిమాంసమే అసలైన బలమంటారు కొందరు. వండిందే క్షేమమంటారు డాక్టర్లు. పరుగెత్తే జాతి కుక్కని పెంచుతున్నవాళ్లకి ఇది తేలని సందేహం. ఆ సందేహానికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే... కొల్లేటి గట్టు మీద ఒకప్పుడు చేపలు పట్టుకు తిన్న మన సొంత వేటకుక్క ఎదురొస్తుంది!

ఆదివారం పొద్దున్న. పామర్రు సెంటర్. బెజవాడ నుంచి బందరు వెళ్లే బస్సులూ, గుడివాడ నుంచి చల్లపల్లి వైపు మళ్లే ఆటోలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటాయి. చికెన్ కొట్ల ముందు అప్పటికే జనం. ఆ గుంపులో ఈమధ్య ఓ కొత్తరకం బేరం వినిపిస్తోంది.

‘‘కేజీ స్కిన్‌లెస్ కొట్టు బాబాయ్. కాళ్లూ మెడలూ కందనకాయలూ విడిగా కట్టు. మావాడికి.’’

‘‘పసుపేసి ఉడకబెడతారా?’’

‘‘ఉడకబెట్టకూడదంట బాబాయ్. పచ్చిదే పెట్టాలంట. అప్పుడే కండ పడుద్దంట.’’

మావాడంటే కొడుకు కాదు... కుక్క! ఇంటి ముందు గొలుసుతో కట్టిన లాబ్రడారో, పెరట్లో తిరిగే డాబర్‌మ్యానో, తమిళనాడు నుంచి మోజుపడి తెచ్చుకున్న రాజపాళయమో. ఒకప్పుడు ఇంట్లో మిగిలిన అన్నం, ఇంత మజ్జిగ కలిపి పెడితే కుక్క భోజనం అయిపోయేది. ఇప్పుడు దాని మెనూ మీద ఇంట్లో పెద్ద చర్చే నడుస్తోంది. అమ్మ అన్నం అంటుంది, నాన్న డబ్బా మేత అంటాడు, కాలేజీ కుర్రాడు పచ్చిమాంసం అంటాడు. ఇంతకీ ఎవరి మాట నిజం?

మన గట్టు మీది వేటకుక్క

పచ్చితిండి మనకేమీ కొత్త కాదు. పామర్రు నుంచి గుడివాడ, మండవల్లి మీదుగా కైకలూరు దాటితే కొల్లేరు. ఆ చుట్టుపక్కలదే జోనంగి. పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్లు, ఏదో ఆలోచిస్తున్నట్టు నుదుట ముడతలు. మామూలు కుక్కలా భౌ భౌమని మొరగదు, రాగం తీసినట్టు కూస్తుంది. నేలలో గుంత తవ్వుకుని అందులో పడుకోవడం దాని అలవాటు. చిన్న జంతువుల్ని వేటాడటంలో దిట్ట. అంతకుమించి, బాతుల మందని కాయడంలో దానికదే సాటి. వేటాడే కుక్క బాతుల మీద పన్నెయ్యకుండా వాటిని గట్టెక్కించి ఇంటికి తోలుకొచ్చేదంటే, ఎంత తెలివైందో చూడండి!

దాని తిండో? ఇంట్లో పెట్టిన అన్నం, గంజి ఎలాగూ ఉంటాయి. మిగతాది దాని సంపాదనే. నీళ్లలో దిగి చేపని పట్టుకోవడం దానికి వెన్నతో పెట్టిన విద్య. చివరికి ఆ విద్యే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఎనభైల తర్వాత కొల్లేటి చుట్టూ చేపల చెరువులు పెరిగాయి. బాతులు కాసినవాళ్లు చెరువుల్లోకి మారారు. కాయడానికి బాతులు లేవు. కళ్లముందు మాత్రం బొచ్చెలూ శీలావతులూ. నిన్నటిదాకా ఇంటి కుక్క, రాత్రికి రాత్రే చేపల దొంగయిపోయింది. రైతులు తరిమారు, చంపారు. జాతి పలచబడిపోయింది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది, 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లు పగలగొట్టారు. పక్షులకి అండ దొరికింది కానీ, జోనంగిని పట్టించుకున్నవాళ్లు కొద్దిమందే. 2005లో తపాలా శాఖ దేశవాళీ కుక్కల మీద నాలుగు స్టాంపులు వేసింది. ముధోల్, రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్ ఉన్నాయి అందులో. మన జోనంగికి చోటు దక్కలేదు.

చమత్కారమేమిటంటే, జోనంగి పోయిన గుమ్మంలోకి వచ్చి కూర్చున్న లాబ్రడార్ కూడా పుట్టుకతో బెస్తవాళ్ల కుక్కే! కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో వలలు లాగుతూ, జారిపోయిన చేపల్ని నోట కరుచుకొస్తూ బతికిన నీటికుక్కలే దాని పూర్వికులు. తర్వాత ఇంగ్లండు దొరలు తుపాకీతో కొట్టిన పక్షుల్ని వెతికి తెచ్చే షికారు కుక్కగా తీర్చిదిద్దారు. అంటే రెండూ నీళ్ల పక్కన కష్టపడి, చేప తిని పెరిగిన జాతులే. మరి వాటికి పచ్చిది పెడితే తప్పేంటి?

ఎక్కడిదీ పచ్చితిండి?

ఈ వాదానికి ఊపు తెచ్చినవాడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు. 1993లో ఆయన రాసిన పుస్తకంతో పచ్చి ఎముకలు, పచ్చి మాంసం, కాస్త ఆకుకూర కలిపి పెట్టే పద్ధతి ‘బార్ఫ్’ పేరుతో ప్రపంచమంతా పాకింది. కుక్క తోడేలు సంతతి, తోడేలు పొయ్యి వెలిగించదు కదా, అన్నది అందులోని కీలకం.

పచ్చిది పెట్టేవాళ్లు చెప్పేవాటిలో నిజాలూ ఉన్నాయి. బొచ్చు నిగనిగలాడుతుంది. విరేచనం తక్కువగా, గట్టిగా వస్తుంది. పళ్ల మీద గార తగ్గుతుంది. అయితే నిగనిగకి కారణం కొవ్వు. విరేచనం తగ్గడానికి కారణం మాంసం బాగా అరగడం. ఈ రెండూ వండిన మాంసంతోనూ వస్తాయి. ఎముక కొరికితే గార పోయే మాట నిజమే కానీ, గట్టి ఎముకలు కొరికి పళ్లు విరగ్గొట్టుకున్న కుక్కలూ, పేగులో ముక్క అడ్డంపడి ఆపరేషను బల్ల ఎక్కిన కుక్కలూ డాక్టర్లకి కొత్తకాదు.

ఇక తోడేలు సంగతి. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ‘నేచర్’ పత్రికలో ఓ ముచ్చట బయటపెట్టింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైము తయారీకి ఒక జన్యువు ఉంటుంది. తోడేలులో దాని నకళ్లు రెండే. కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా ఉన్నాయి! మనిషి వ్యవసాయం నేర్చి, ధాన్యం తినడం మొదలుపెట్టాక, ఆ చూరు పట్టుకుని బతికిన కుక్క పొట్ట కూడా మారిపోయిందన్నమాట. వేల ఏళ్లుగా మన గంజి తాగిన జంతువుని ఇవాళ మళ్లీ అడవికి పంపుతానంటే ఎలా? అన్నం కుక్కకి విషం కాదు. అన్నమొక్కటే పెడితేనే చిక్కు.

‘మా తాతల కాలంలో కుక్కలు పచ్చి చేపలూ ఎలుకలూ తిని రాయిలా ఉండేవి’ అనే మాట డెల్టాలో తరచూ వినిపిస్తుంది. ఉండేవి, నిజమే. మనకి గుర్తున్నవి బతికిన కుక్కలు. పోయినవాటిని ఎవరు లెక్కపెట్టారు? పశ్చిమ బెంగాల్లో వీధికుక్కల పిల్లల్ని వెంబడించి చూసిన అధ్యయనం 2016లో వెలువడింది. వందకి 19 పిల్లలే ఈడుకొచ్చేదాకా బతికాయి. వాహనాల కింద పడ్డవీ, మనుషుల చేతిలో పోయినవీ, జబ్బు చేసినవీ అందులో ఉన్నాయి. ఏదైనా తిని అరిగించుకునే కుక్క అని మనం మెచ్చుకునేది మిగిలిన ఆ కొద్దింటినే. అదీగాక, జోనంగి తిన్నది అప్పటికప్పుడు పట్టిన చేప. మనం పెట్టేది నాలుగు గంటలు కొట్లో ఈగల మధ్య ఉన్న కవరు.

అలాస్కా మంచు, పామర్రు ఎండ

పరుగు కుక్కలకి పచ్చిమాంసం పెట్టాలనేవాళ్లు చూపించే మరో ఉదాహరణ అలాస్కా. అక్కడ ఏటా ఐడిటరాడ్ అనే పోటీ జరుగుతుంది. బండికి కట్టిన కుక్కలు మంచులో దాదాపు 1,600 కిలోమీటర్లు పరుగెడతాయి. ఆ రోజుల్లో ఒక్కో కుక్కకి పది వేల కేలరీల పైమాటే కావాలి. మాంసం, చేప, కొవ్వు దండిగా పెడతారు. పచ్చివీ ఉంటాయి.

అయితే అక్కడ మాంసం దానంతటదే గడ్డకట్టే చలి. మే నెలలో పామర్రు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బయట పెట్టిన పచ్చి చికెన్‌లో సూక్ష్మజీవులు గంటల్లో లక్షలవుతాయి. సాల్మొనెల్లా ఉన్న మాంసం తిన్న కుక్క పైకి హుషారుగానే ఉండొచ్చు. కానీ దాని లాలాజలంలో, మలంలో ఆ క్రిమి బయటకొస్తూనే ఉంటుంది. అదే మూతితో పసివాడి బుగ్గ నాకుతుంది! ఫ్రిజ్‌లో పెట్టాం కదా అనుకోవద్దు. గడ్డకట్టిస్తే సూక్ష్మజీవులు నిద్రపోతాయంతే, చావవు. అమెరికా పశువైద్యుల సంఘం 2012 నుంచీ కుక్కలకీ పిల్లులకీ పచ్చి మాంసాహారం వద్దంటున్నది ఇందుకే.

దీనికి బర్డ్ ఫ్లూ తోడయింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో ఆ వ్యాధి బయటపడి కోళ్లని పెద్దసంఖ్యలో పూడ్చిపెట్టారు. అంతకు రెండు నెలల ముందే అమెరికాలోని ఒరెగాన్‌లో పచ్చిమాంసంతో చేసిన ప్యాకెట్ తిండి తిని ఓ పెంపుడు పిల్లి బర్డ్ ఫ్లూతో చనిపోయింది. బాగా ఉడికిన మాంసంలో ఆ వైరస్ బతకదు. చనిపోయిన కోడిని ‘పారేసే బదులు కుక్కకేద్దాం’ అనుకోవడం మాత్రం ఎంతమాత్రం మంచిది కాదు.

కార్జం మీది నీటి బుడగ

చికెన్ కన్నా భయపడాల్సింది మరొకటుంది. మేకనో గొర్రెనో కోసినప్పుడు ఒక్కోసారి కార్జం మీద, ఊపిరితిత్తుల మీద తెల్లటి నీటి బుడగలు కనిపిస్తాయి. జనం ఆ ముక్క కొనరు. కొట్టువాళ్లు కోసి పక్కన పడేస్తారు. అక్కడే కాచుకుని ఉన్న కుక్క గుటుక్కున మింగేస్తుంది. ఇంట్లో కుక్క ఉందని అడిగి పట్టుకెళ్లేవాళ్లూ ఉంటారు.

ఆ బుడగే హైడాటిడ్ తిత్తి. అందులో ఉన్నవి ఓ బద్దెపురుగు పిల్లలు. కుక్క పేగులోకి చేరగానే అవి పెద్ద పురుగులవుతాయి. పెద్దవంటే ఎంతో కాదు, బియ్యపు గింజకన్నా చిన్నవి. కుక్కకి పెద్దగా బాధ ఉండదు. దాని మలంలో మాత్రం కంటికి కనిపించని గుడ్లు రాలుతుంటాయి. గడ్డి మీద పడితే గొర్రెకి, కుక్క బొచ్చుకి అంటుకుంటే దాన్ని ముద్దుచేసే చేతికి, ఆ చేత్తో అన్నం తింటే మనిషికి! మనిషి ఒంట్లో ఎక్కువగా కాలేయంలో, తర్వాత ఊపిరితిత్తుల్లో తిత్తి కడుతుంది. ఏళ్ల తరబడి నిమ్మళంగా పెరుగుతుంది. ఎప్పుడో కడుపులో బరువనో నొప్పనో స్కానింగుకి వెళ్తే అప్పుడు తెలుస్తుంది. మందులు వాడాలి, చాలాసార్లు ఆపరేషనూ తప్పదు. ఆ తిత్తి లోపల పగిలితే ప్రాణాపాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో పెట్టింది.

ఇంత భయంకరమైన కథకి అడ్డుకట్ట మాత్రం చాలా తేలిక. కార్జం, ఊపిరితిత్తులు ముక్కలు కోసి కనీసం అరగంట మరగబెడితే తిత్తిలోని పురుగు చస్తుంది. బుడగలు కనిపించిన ముక్కల్ని కుక్కలకి అందకుండా లోతుగా పూడ్చేయాలి. కుక్కకి డాక్టరు చెప్పిన వేళకి ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు వేయించాలి. ఏదో ఒక పురుగుల మాత్ర సరిపోదు, ఈ పురుగుకి ఆ మందే కావాలి. కుక్కని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చితిండి గురించి ఇంకే వాదం తేలినా తేలకపోయినా, ఈ ఒక్కటీ తేలిపోయిన విషయమే.

చేప పెట్టేవాళ్లకి ఓ మాట. కొన్నిరకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. రోజూ అదే పెడితే కుక్క తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది. పచ్చి కోడిగుడ్డు తెల్లసొన కథా ఇలాంటిదే. బయోటిన్ అనే విటమిన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఉడకబెడితే సరి.

ఎముక లెక్క

మాంసం పెడుతున్నాం కదా, ఇక లోటేంటి అనుకుంటారు చాలామంది. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బహు తక్కువ. దాదాపు పదిహేను, ఇరవై పాళ్లకి ఒక పాలు. కుక్కకి కావాల్సింది ఆ రెండూ ఇంచుమించు సమానంగా, కాల్షియం ఓ పిసరు ఎక్కువగా. ఒట్టి బోన్‌లెస్ ముక్కలే తిని పెరిగిన పిల్ల ఒంట్లో కాల్షియం చాలక, అది తన ఎముకల్లోంచే తోడుకుంటుంది. కాళ్లు వంకరపోతాయి. చిన్న గెంతుకే ఎముక విరుగుతుంది. నెలకి వేలు పోసి మాంసం పెట్టిన ఇంట్లోనే ఈ జబ్బు కనిపించడం విచిత్రం. పెరుగన్నం ఒక్కటే పెట్టే ఇళ్లలో మాంసకృత్తుల లోటు, మాంసం ఒక్కటే పెట్టే ఇళ్లలో కాల్షియం లోటు. ప్రేమ రెండుచోట్లా ఉంది... లెక్కే లేదు!

తోడేలు జింకని చంపితే కండ ఒక్కటే తినదు. ఎముక, కార్జం, పేగులు అన్నీ తింటుంది. పచ్చిమాంసం అంటే ఒట్టి కండ అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతోంది. అలాగని వండిన ఎముకలు వేయొద్దు. ఉడికిన ఎముక పుల్లలా చీలి గొంతులో గుచ్చుకుంటుంది. ఆదివారం కూరలో మిగిలిన బొమికలు కుక్కకేసే అలవాటుంటే ఈ వారం నుంచే మానేయండి.

మరి ఏం పెట్టాలి?

పదిహేను కిలోల కుక్కనే తీసుకుందాం. ఇంటి దగ్గర తిరిగేదైతే రోజుకి 850 కేలరీలు చాలు. పొద్దునా సాయంత్రం చేలగట్ల మీద బాగా పరుగెత్తేదైతే 1,200 నుంచి 1,300 కావాలి. పరుగెత్తే కుక్కకి శక్తినిచ్చేది ముఖ్యంగా కొవ్వు. కాబట్టి పని పెరిగినప్పుడు అన్నం కుప్ప పెంచడం కన్నా, మాంసం, కాస్త నూనె పెంచడం మేలు.

రోజు మొత్తానికి మన వంటింట్లో కుదిరే లెక్క ఇదీ. ఉడికిన అన్నం 400 గ్రాములు. మెడ, కాళ్ల ఎముకలు తీసేసి ఉడికించిన చికెన్, గుండెకాయ, కందనకాయ కలిపి 300 గ్రాములు. ఉడికించిన గుడ్డు ఒకటి. గుమ్మడి, క్యారెట్, బీన్స్ లాంటివి 100 గ్రాములు. చెంచాన్నర నూనె. గుడ్డుపెంకు కడిగి, ఉడికించి, ఎండబెట్టి మెత్తగా దంచిన పొడి అరచెంచా. కాల్షియం లోటు తీర్చేది ఆ పొడే. ఉప్పూ కారమూ అక్కర్లేదు. వారానికి రెండుసార్లు చికెన్ బదులు ముల్లు తీసిన ఉడికిన చేప పెట్టొచ్చు. కార్జం మంచిదే కానీ వారానికోసారి కొద్దిగా చాలు, ఎక్కువైతే విటమిన్-ఎ ఒంట్లో పేరుకుపోతుంది. ఇంత చేసినా జింక్, అయోడిన్, విటమిన్-డి లాంటివి ఇంటి తిండిలో చాలవు. ఏ పొడి కలపాలో, ఎంత కలపాలో కుక్కని చూసి పశువైద్యుడే చెప్పాలి. గన్నవరంలో 1998 నుంచీ ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పెరిగే పిల్లకీ, కిడ్నీ జబ్బున్న ముసలిదానికీ ఈ లెక్క వర్తించదు.

పరుగుకి ముందు పొట్ట నిండా పెట్టకూడదు. తిండికీ పరుగుకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. లోతైన ఛాతీ ఉన్న పెద్దజాతి కుక్కల్లో పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అది గంటల్లో ప్రాణం తీస్తుంది. వేసవిలో ఎండెక్కకముందే పరుగు ముగించాలి. ఇక లాబ్రడార్ ఆకలిని అసలు నమ్మొద్దు! వాటిలో ఇంచుమించు నాలుగో వంతు కుక్కల్లో ‘చాలు’ అనిపించే జన్యువు దెబ్బతిని ఉంటుందని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు తేల్చారు. గిన్నె ముందు కూర్చుని దీనంగా చూసేది ఆకలితో కాకపోవచ్చు. చేత్తో పక్కటెముకలు తడిమి చూడండి. తేలిగ్గా తగలాలి, పైకి పొడుచుకురాకూడదు. తూకం కన్నా నమ్మకమైన కొలత అది.

ఇవి పెట్టొద్దు

ఉల్లి, వెల్లుల్లి: రక్తకణాల్ని విరగ్గొడతాయి. మసాలా కూర పులుసు కలిపిన అన్నం అందుకే పనికిరాదు.
ద్రాక్ష, ఎండుద్రాక్ష: కిడ్నీలు దెబ్బతింటాయి.
చాక్లెట్: గుండె దడ, ఫిట్స్.
జైలిటాల్ ఉన్న చక్కెర లేని చూయింగ్ గమ్, మిఠాయిలు: రక్తంలో చక్కెర అమాంతం పడిపోతుంది.
వండిన ఎముకలు, చేపముళ్లు: గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

ఎంత చెప్పినా పచ్చిదే పెడతామనేవాళ్లు ఉంటారు. వాళ్లు కనీసం ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, జబ్బుతో నీరసించినవాళ్లు ఉంటే ఆ ఆలోచన మానుకోవాలి. గొర్రె, మేక లోపలి భాగాలు పచ్చిగా ముట్టకూడదు. కుక్క గిన్నె, కత్తి, పలక విడిగా పెట్టుకోవాలి. పావుగంటలో తినకపోతే తీసి పారేయాలి. జులై 6న చాలా పశువైద్యశాలల్లో కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు తీసుకెళ్లినప్పుడే పురుగుల మందు సంగతీ అడిగేస్తే ఒకే పనికి రెండు ఫలితాలు.

మళ్లీ జోనంగి దగ్గరికొద్దాం. దాన్ని బలంగా ఉంచింది పచ్చి చేపేనా? రోజంతా బాతుల వెంట పరుగు, ఈత, బురద, యజమాని పిలుపు... వాటి వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? ఇవాళ మనం గేటుకి కట్టేసిన లాబ్రడార్‌కి జోనంగి తిండి పెడతామంటున్నాం. జోనంగి పని మాత్రం ఇవ్వడం లేదు. వేటకుక్క ఒళ్లు అడిగేది మొదట పరుగు, తర్వాతే తిండి.

వచ్చే ఆదివారం కొట్లో కందనకాయలు విడిగా కట్టించుకోండి. ఇంటికొచ్చి ఓ పావుగంట ఉడకబెట్టండి. అవి చల్లారేలోపు గొలుసు విప్పి, మినపచేల గట్టు దాకా ఓ పరుగు తీయించుకు రండి. తిరిగొచ్చాక ఓ గంట ఆయాసం తీర్చుకోనిచ్చి, అప్పుడు గిన్నె ముందు పెట్టండి. పచ్చిదా వండిందా అని అది అడగదు!